టేపుకు ఇవతల పడిన నట్టు

మేం దిగింది ఇసుకలో. రైలు పట్టాలు అయిపోయిన స్టేషన్ అది. అక్కడి నుంచి లారీ వెనక, మడతపెట్టిన టెంటు గుడ్డల మీద కూర్చుని ప్రయాణం. తలకు, మూతికి తువ్వాలు చుట్టుకున్నా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. సాయంత్రం నాలుగింటికి లారీ ఆగింది. ఆరు టెంట్లు, ఒక నీళ్ల ట్యాంకు, ఒక జెండా. సరిహద్దుకు దగ్గరి ఫౌజు ఆసుపత్రి ఇదే అన్నారు. నా సామాను రెండు దుప్పట్లు, స్టీలు మగ్గు, నీళ్ల సీసా, ఇనుప టోపీ, మందుల పెట్టె. టోపీ నా తలకు పెద్దది. వంగితే ముక్కు మీదికి జారేది.

రాస్తున్నావా బిడ్డా? నేనొకటి చెబితే నువ్వు దాన్ని బడి భాషలోకి మార్చి రాస్తున్నావు. సరే, రాయి, చదివేవాళ్లకు అర్థమైతే చాలు. నిన్న పిట్లం రోడ్డు మీద నువ్వు పక్కన గడ్డిలో చెయ్యి పెట్టగానే నేనెందుకు అంత గట్టిగా అరిచానని అడుగుతూనే ఉన్నావు. దానికే ఇదంతా. మధ్యలో లేవొద్దు.

అప్పుడు నేను ఫౌజులో నర్సును. భుజం మీద మూడు నక్షత్రాలు, అంటే కెప్టెన్. జవాన్లు మమ్మల్ని సిస్టర్ అనేవాళ్లు. మీ నాయిన అప్పుడు నీ అంత. బాన్సువాడలో మా అమ్మ దగ్గర వదిలిపెట్టి వెళ్లా. ఆ ఏడాది సరిహద్దు పొడుగునా ఫౌజును నిలబెట్టారు. ఇవాళ యుద్ధం అన్నారు, రేపు అన్నారు. రాలేదు. యుద్ధం రాకపోయినా మనుషులు పోయారు. ఎలాగంటే, వస్తుందని మందుపాతరలు పెట్టారు కదా, వాటితో. మేం వాటిని మైన్లు అనేవాళ్లం.

మొదటి సాయంత్రం డాక్టర్ మేజర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కటే ఆర్డర్ ఇచ్చాడు.

"తారు మీంచి కాలు దించొద్దు. ఒంటేలుకైనా, వాంతికైనా తారు మీదే."

నవ్వకు. అక్కడ రోడ్డంటే సన్నటి తారు పట్టీ. రెండు లారీలు ఎదురెదురు వస్తే అద్దాలు రాసుకునేవి. తారుకు అటూ ఇటూ బారెడు ఇసుక వదిలి, ఇనుప ఊచలు పాతి తెల్ల టేపు కట్టారు. టేపుకు అక్కడక్కడ ఎర్ర ముక్కోణపు రేకులు. టేపు అవతలంతా మైన్లు. గాలి వీస్తే ఆ రేకులు టకటక కొట్టుకునేవి. టెంటులో పడుకుంటే ఆ చప్పుడే. జనవరిలో తెల్లవారుజామున బకెట్లో నీళ్ల మీద పలచటి మంచు తేలేది. మార్చి దాటాక అదే బకెట్ పట్టుకుంటే చెయ్యి కాలేది.

మాకు రెండు ఆంబులెన్సులు. ఒకటి పెద్దది, నాలుగు చక్రాలూ లాగేది. అది ఎప్పుడూ సరిహద్దు మీది కాపలా చౌకీల దగ్గరే ఉండేది. రెండోది పాత వ్యాను. ముందు ఇంజను, వెనక చక్రాలు తోసే రకం. రోగుల్ని స్టేషన్ దగ్గరి పెద్దాసుపత్రికి చేర్చడానికి అదే. దాని డ్రైవర్ గోదావరి జిల్లా మనిషి. పొట్టి, బట్టతల, చెవి మీద ఎప్పుడూ ఒక సిగరెట్. ఎండకు ఆరిపోయి అది ఎప్పుడూ వెలిగేది కాదు.

"సిస్టర్ గారూ, మీదే ఊరండీ?" అన్నాడు మొదటి రోజే.

"బాన్సువాడ."

"అదెక్కడండీ? ఎప్పుడూ వినలేదే."

"నిజాంసాగర్ కాలువ కింద. వరి పండుతది."

"మా గోదారి కంటేనా అండీ?"

"మీ దిక్కోళ్లే వచ్చి మా కాలువల పొంట క్యాంపులేసుకున్నరు. మీ గోదారి ఎట్లుందో వాళ్లనడుగు పో."

ఆ రోజు నుంచి అతనికి నా మాటంటే వేళాకోళం. వైర్‌లెస్ ఆపరేటర్ దగ్గర నాలాగే "గట్ల, గిట్ల" అని మాట్లాడి చూపించేవాడట. చూపించనీ అనుకున్నా. ఆ ఇసుకలో నవ్వేందుకు ఇంకేముంది?

ఫిబ్రవరి ఆఖరులో సామాన్ల ఆఫీసరు కారు దారిలో ఆగిపోయింది. అదీ వెనక చక్రాల బండే. జీపుకు తాడు కట్టి, గేరు న్యూట్రల్‌లో వేసి లాక్కొచ్చారు. సగం దూరం రాగానే కారు అడుగున కీచుమని చప్పుడు. తర్వాత కాలిన నూనె వాసన. ఆ తర్వాత వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఆరుగురు తోసినా కదల్లేదు. పక్కకు నెడదామంటే పక్కన చోటెక్కడిది? తారుకు ఇటు టేపు, అటు టేపు. మధ్యాహ్నమంతా రోడ్డు మూసుకుపోయింది. ఆ కారు వెనక మా వ్యాను, వ్యానులో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న వంటవాడు. అపెండిక్స్ పగిలింది. బతికాడు కానీ, బతుకుతాడని నమ్మకంగా చెప్పడానికి వారం పట్టింది.

ఆ సాయంత్రం డ్రైవర్ వంట టెంటు దగ్గర టీ మగ్గు పట్టుకుని కూర్చున్నాడు. చాలా కోపంగా ఉన్నాడు.

"న్యూట్రల్‌లో ఏస్తే ఇంజనొక్కటే విడిపోద్దండీ. చక్రాలు విడిపోవు. ఈ బండికి వెనక చక్రం తిరిగితే, కింద పొడుగు షాఫ్టు తిరుగుద్ది. షాఫ్టు పోయి గేర్‌బాక్సులో ఇరుసును తిప్పుద్ది."

"తిరిగితే ఏమైతది? తిరగనీకే గద ఉన్నది అది."

"తిరగొచ్చండీ, నూనెలో తిరగాలి. నూనేమో గేర్‌బాక్సు అడుగున ఉంటది. ఇంజను ఆడుతుంటే కింది పళ్లచక్రాలు దాన్ని పైకి చిమ్ముతాయి. ఇంజను ఆగిపోయాక చిమ్మేదెవరండీ? పైనున్న ఇరుసు పొడిగా తిరుగుద్ది. ఈ సందు నుంచి ఆ సందుకైతే ఓర్చుకుంటది. ముప్పై, నలభై కిలోమీటర్లంటే కాలి అతుక్కుపోద్ది."

"మరెట్ల గుంజాలె?"

"వెనక చక్రాలు పైకెత్తి లాగాలండీ. ఎత్తే బండి లేకపోతే, వెనకెళ్లి షాఫ్టుకున్న నాలుగు బోల్టులు విప్పాలి, షాఫ్టును బాడీకి ఎత్తి కట్టేయాలి. అప్పుడు చక్రాలు ఎంత తిరిగినా గేర్‌బాక్సుకి తెలీదు. ఇంతేనండీ పని. ఇంత పనికి మనోళ్లకి తీరిక లేదు."

నేను విన్నా. నా పని కాదు కదా, విని మర్చిపోయా అనుకున్నా.

మే నెల. రాత్రి గాలి బాగా వీచింది. పొద్దున లేచేసరికి టెంటు గుమ్మం దగ్గర మోకాలెత్తు ఇసుక. తొమ్మిదిన్నరకు వైర్‌లెస్ ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు.

"సాపర్ ఒకడు. మైను. కాలు."

"అవ్వా, సాపర్ అంటే?" అని అడుగుతావని తెలుసు. ఫౌజులో రోడ్లు, వంతెనలు వేసేదీ, మైన్లు పెట్టేదీ తీసేదీ వాళ్లే. రాత్రి గాలికి టేపు తెగిందని, సరిచేయడానికి పొద్దున్నే వెళ్లిన వాళ్లలో ఒకడు.

స్ట్రెచర్ మీద తెచ్చారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. చీలమండ కింద ఏమీ లేదు. అక్కడే తోటివాళ్లు తొడకు పట్టీ బిగించి కట్టారు. అలాంటి కట్టు ఎప్పుడు కట్టామో అందరికీ కనపడాలి. మర్చిపోతే ఆ కాలే మిగలదు, ఒక్కోసారి మనిషే మిగలడు. దూది పుల్లను పుండ్లకు రాసే ఊదారంగు మందులో ముంచి అతని నుదుటి మీద టైము రాశా. డాక్టర్ మేజర్ చూశాడు. సెలైన్ పెట్టాడు.

"ఇక్కడ నా వల్ల కాదు. రక్తం పెద్దాసుపత్రిలో ఉంది, ఆపరేషన్ బల్ల అక్కడే ఉంది. తీసుకెళ్లు. ఆగొద్దు."

వ్యానులో వెనక నేనూ, అతనూ. ముందు డ్రైవర్. రోడ్డు మీద ఇసుక పొరలు పొరలుగా పడి ఉంది. వ్యాను ఎగిరెగిరి పడుతోంది.

"మెల్లగ పోవయ్యా! సీసా ఊగుతుంది, సూది ఊడుతది!" అని అరిచా.

స్ట్రెచర్ మీద కళ్లు తెరుచుకున్నాయి.

"నిజామాబాద్ దిక్కా మీది?"

"బాన్సువాడ. నీదేడ?"

"పిట్లం అవతల తండా. మా అవ్వతోని బాన్సువాడ అంగడికి వస్తుంటి చిన్నగున్నప్పుడు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇగ ఫికర్ లేదు నాకు. ఇంటోళ్లే దొరికిండ్రు. అక్కా అంటే ఏమనుకోవు గద?"

"అను. ఎక్కువ మాట్లాడకు."

"మాట్లాడకుంటే నొప్పి యాదికొస్తుందక్కా."

ముందు నుంచి డ్రైవర్ అన్నాడు, "గట్ల, గిట్ల అనేవాళ్లు ఇద్దరయ్యారా? ఇంక నా పక్షాన మాట్లాడే నాథుడు లేడు."

అంతలోనే ఇంజను నుంచి ఆవిరి బుసకొట్టింది. తెల్ల పొగ అద్దం కమ్మేసింది. వ్యాను రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. డ్రైవర్ దిగి బానెట్ ఎత్తాడు. ఇంజను నూనె చూసే ఊచను తీసి నాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన నూనె మజ్జిగలా ఉంది.

"గ్యాస్కెట్ పోయిందండీ. నూనెలో నీళ్లు కలిశాయి. ఇది ఇంక లేవదు."

వ్యానులో వైర్‌లెస్ సెట్టు ఉంది. అడిగా. బండ్లను ఎత్తుకెళ్లే రికవరీ లారీ వేరే దిక్కు పోయిందట, సాయంత్రం దాకా రాదట. పెద్ద ఆంబులెన్సు సరిహద్దు చౌకీలో ఉందట. ఇంకా ముప్పై కిలోమీటర్ల పైనే మిగిలింది. సాపర్ నుదుటి మీద ఊదా అంకెలు చెమటకు కారుతున్నాయి.

కాసేపటికి వెనక నుంచి నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఖాళీగా స్టేషన్‌కు పోతోంది. దాని హవల్దార్ హర్యానా మనిషి, పెద్ద మీసాలు. ట్యాంకరు ముందు క్యాబిన్‌లో ఇద్దరు కూర్చునేంత చోటే. పడుకోబెట్టే వీల్లేదు. కూర్చోబెడితే ఆ కాలుతో, ఆ రక్తంతో బతకడు. కాబట్టి వ్యానునే లాక్కెళ్లాలి. హవల్దార్ గొలుసు తీశాడు.

"న్యూట్రల్‌లో వెయ్యి. కట్టు. చలో."

"షాఫ్టు ఊడదీయకుండా నేను స్టీరింగ్ పట్టనండి," అన్నాడు డ్రైవర్ నాతో. తర్వాత హవల్దార్‌తో వచ్చీరాని హిందీలో చెప్పాడు.

హవల్దార్ మండిపడ్డాడు. "లోపల మనిషి చస్తున్నాడు. నువ్వు నట్లు విప్పుకుంటూ కూర్చుంటావా? తలకాయ ఉందా?"

"మొన్నామధ్య కారు బిగుసుకుపోయింది చూశావా లేదా? దారిలో ఇది బిగుసుకుంటే ఏం చేస్తావ్? భుజాన మోసుకుపోతావా?"

నేను సెట్టు మీద డాక్టర్ మేజర్‌ను అడిగా. అటు నుంచి గరగర, ఆ తర్వాత ఆయన గొంతు.

"అతని పక్కన ఉన్నది నువ్వు. నువ్వే చెప్పాలి."

ఇద్దరు మగవాళ్లూ నా భుజం మీది నక్షత్రాల వైపు చూస్తున్నారు. నా ముఖం వైపు కాదు. నేను సాపర్ నాడి చూశా. సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది.

"ఎంత సేపు పడుతది?"

"రెండు సిగరెట్లు కాల్చినంత సేపండీ."

"నీ సిగరెట్టు అంటుకోదు గదయ్యా."

"ఇవాళ అంటుకుంటది."

"విప్పు," అన్నా.

ఎప్పుడైనా నీకూ ఇలాంటి పని పడితే గుర్తుంచుకో బిడ్డా. షాఫ్టు ఊడదీశాక బండి గేరులో పెట్టినా ఆగదు. గేరుకూ చక్రానికీ లంకె తెగిపోతుంది కదా. కాబట్టి ముందుగా చక్రాల కింద చెక్కలు పెట్టాలి, హ్యాండ్‌బ్రేకు లాగాలి. అక్కడ రాయి కూడా దొరకదు. ట్యాంకరులోని చెక్కలు పెట్టాం. డ్రైవర్ వ్యాను కిందికి దూరాడు. నడుము దాకా లోపల, కాళ్లు తారు మీద.

"గుర్తు పెట్టాలండీ," అన్నాడు కింద నుంచి. "తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు అదే వరసలో కూర్చోవాలి. లేకపోతే బండి వణుకుద్ది. సుద్దముక్క ఉందా?"

సుద్దముక్క ఎక్కడిది? అదే ఊదా మందు, అదే దూది పుల్ల ఇచ్చా. షాఫ్టు చివరి బిళ్ల మీద, దానికి ఆనుకుని ఉన్న వెనక ఇరుసు బిళ్ల మీద కలిపి ఒక గీత గీశాడు.

కింది రెండు నట్లు వచ్చాయి. పైవి అందడం లేదు. షాఫ్టు అర చుట్టు తిరగాలి. డ్రైవర్ బయటికొచ్చాడు, చెక్కలు తీశాం, హ్యాండ్‌బ్రేకు వదిలాం. హవల్దార్ ఒక్కడే భుజం పెట్టి వ్యానును కాస్త ముందుకు తోశాడు. మళ్లీ చెక్కలు, మళ్లీ బ్రేకు. డ్రైవర్ మళ్లీ కిందికి. విప్పిన నట్టు ఒక్కొక్కటే చెయ్యి బయటపెట్టి ఇస్తుంటే నేను మందుల ట్రేలో వేశా. టింగు మని చప్పుడు. మూడు వచ్చాయి.

నాలుగోది అతని వేళ్లలోంచి జారింది. నూనె చేతులు. తారు మీద పడింది. దొర్లింది. తారు అంచు దాటి ఇసుకలోకి జారి ఆగింది. తారుకు మూరెడు దూరం. టేపు ఇంకా అవతలే ఉంది.

డ్రైవర్ కింద నుంచి పాకుతూ వచ్చి, తారు అంచున గొంతుక్కూర్చుని, చెయ్యి చాపాడు.

"అన్నా! ముట్టకు!"

అప్పటిదాకా మూలుగుతున్న మనిషి స్ట్రెచర్ మీద మోచేతిపై లేచాడు. గాలి కోసం వ్యాను వెనక తలుపులు తీసి పెట్టాం. అక్కడి నుంచి అతనికి కనిపిస్తోంది.

"టేపుకి ఇవతలే ఉందిరా తమ్ముడూ," అన్నాడు డ్రైవర్. చెయ్యి చాపే ఉంది.

"టేపు మాట ఇనకు అన్నా. టేపు కట్టింది మేమే. కట్టిననాడు కరెక్టే ఉండె. గాలికి ఇసుక జరుగుతది. ఇసుకతోని మైనూ జరుగుతది." అతనికి ఊపిరి అందలేదు. "నేను పొద్దుగాల టేపుకు ఇవతలనే తొక్కిన."

డ్రైవర్ చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది. నట్టుకూ వేళ్లకూ మధ్య ఇంతే. జానెడు కూడా లేదు. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మోకాళ్ల మీద వెనక్కి జరిగి జరిగి, వ్యాను చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. హవల్దార్‌కు తెలుగు రాదు. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. మీసాలు తుడుచుకుని గొలుసు తగిలించడానికి వెళ్లాడు.

ఊడిన షాఫ్టు కింద వేలాడకూడదు. రోడ్డుకు తగిలి పొడుచుకుంటే బండి పల్టీ కొడుతుంది. చెయ్యి విరిగినవాళ్లకు మెడ నుంచి వేలాడదీసే మూడు మూలల గుడ్డ ఉంటుంది, అది ఇచ్చా. డ్రైవర్ దాంతో షాఫ్టును బాడీకి ఎత్తి కట్టాడు. రెండు ముళ్లు వేశాడు. ముడి పడేదాకా నేను చూస్తూ నిలబడ్డా.

బయలుదేరాం. ట్యాంకరు మెల్లగా లాగుతోంది. గొలుసు వదులైతే ఒక్క గుంజు గుంజుతుంది, ఆ గుంజుడు లోపలి మనిషికి తగులుతుంది. అందుకని డ్రైవర్ బ్రేకు మీద కాలు ఆనించి గొలుసు ఎప్పుడూ బిగువుగా ఉండేలా చూసుకున్నాడు. చెవి మీది సిగరెట్టు ఎక్కడో పడిపోయింది. అడుగున చప్పుడు లేదు, వాసన లేదు. చక్రాలు తిరుగుతున్నాయి, గేర్‌బాక్సు నిద్రపోతోంది.

"బండి బాగనే పోతుందక్కా," అన్నాడు సాపర్.

"పోతుంది. నువ్వు కండ్లు మూయకు."

"అంగడిల ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుండె. మా అవ్వ దోసెడు కొనిచ్చేది. ఇంకా అమ్ముతుండ్రా?"

"అమ్ముతుండ్రు."

"సెలవుల పోయినప్పుడు తింట."

ఆ తర్వాత అతను మాట్లాడలేదు. నేను సీసా పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకున్నా. బయట ఎండ మండిపోతోంది. ఆ చెయ్యి మాత్రం చల్లబడుతూ వచ్చింది. దారిలో ఎక్కడా ఆగలేదు. మిట్టమధ్యాహ్నం పెద్దాసుపత్రి గేటులోకి లాగారు. తీసుకెళ్లిపోయారు. రక్తం ఎక్కించారు, మోకాలి కింది దాకా కాలు తీసేశారు.

మర్నాడు పొద్దున పోయాడు.

తిరిగి వచ్చాక డాక్టర్ మేజరే అన్నాడు, "లాగేముందు ఆగడం మంచిదే అయింది" అని. ఎవరికి మంచిదైంది అని నేను అడగలేదు. ఆగకుండా వెళ్తే బతికేవాడేమో. ఆగకుండా వెళ్తే దారిలోనే బిగుసుకుపోయి, ఆ తారు మీదే నా చేతిలో పోయేవాడేమో. ఇన్నేళ్లలో రెండు రకాలుగానూ ఆలోచించా. రెండింటి చివరా అదే స్ట్రెచర్.

వ్యానుకు వర్క్‌షాపులో ఇంజను బాగుచేశారు. డ్రైవర్ తనే కిందికి దూరి, రెండు ఊదా గీతలు కలిపి షాఫ్టు బిగించాడు. మూడు పాత నట్లు, ఒకటి కొత్తది. కొత్తది తెల్లగా మెరిసేది. బండి వణకలేదు.

ఆ తర్వాత నెలలు నెలలు అదే దారిన తిరిగాం. ఆ చోటు రాగానే డ్రైవర్ తనకు తెలియకుండానే మెల్లగా పోనిచ్చేవాడు. నట్టు అక్కడే ఉండేది. ఎవరూ తీయలేదు. ఎండకు మెరిసేది.

"ఉందండీ," అనేవాడు.

"ఉంది," అనేదాన్ని.

నాలాగా మాట్లాడి నవ్వించడం మానేశాడు. మళ్లీ పెద్ద గాలులు మొదలయ్యాయి. ఒక రోజు సగం కూరుకుపోయి కనిపించింది. ఇంకో రోజు కనిపించలేదు. దాని పక్కన ఇసుకలో ఇంకేమైనా ఉందో లేదో మాకు చివరిదాకా తెలియదు. మా బదిలీ అయ్యేదాకా ఆ చోట ఎవరూ తవ్వలేదు.

ఆర్డర్ వచ్చింది. టెంట్లు పీకాం. కామారెడ్డిలో రైలు దిగి బాన్సువాడ బస్సెక్కా. దారిలో బస్సు టైరు దిగిపోయింది. అందరూ దిగి పక్కన వేపచెట్టు నీడకు పోయారు. ఒకాయన పొలం గట్టు మీద చుట్ట వెలిగించుకున్నాడు. పిల్లలు కాలువలో కాళ్లు కడుక్కుంటున్నారు. నేను మాత్రం తారు మీదే, బస్సు పక్కన ఎండలో నిలబడ్డా.

"అమ్మా, పక్కకు జరుగుండ్రి. లారీలొస్తుంటయి," అన్నాడు కండక్టర్.

కాలు దిగలేదు. పచ్చటి వరి, మన మట్టే. తెలుసు. అయినా దిగలేదు.

వారం తర్వాత ఆ తండాకు వెళ్లా. పిట్లం దాటి ఆటోలో. అతను అవ్వ అనే వాళ్లమ్మ గుడిసె ముందు చింతపండు గింజ తీస్తోంది. నేనెవరో చెప్పా. మంచం వాల్చి కూర్చోమంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అప్పటికే అయిపోయినట్టుంది.

"ఆఖరుకు ఏం మాట్లాడిండమ్మా నా కొడుకు?"

అంగడి గురించి చెప్పా, పల్లికాయ గురించి చెప్పా. నట్టు సంగతీ చెప్పా. నీ కొడుకు అరవకపోతే ఇంకో మనిషి పోయేవాడేమో అని చెప్పా.

"అట్లనే అరుస్తడు వాడు. మేకపిల్ల బాయి దిక్కు పోయినా గట్లనే అరుస్తుండె." చింతగింజ ఒకటి తీసి పక్కన వేసింది. "మరి, ముట్టకని వానికెవలు చెప్పలేదా?"

నేను మంచం దిగి, ఆమె ముందున్న కుప్పలోంచి కాస్త చింతపండు తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టా.

ఇక నిన్నటి సంగతి నీకు తెలుసు. బిచ్కుంద అంగడి నుంచి వస్తుంటే పిట్లం దగ్గర మన వ్యాను ఆగింది. ట్రాక్టరతను తాడు తెచ్చి, "నూట్రల్ల ఎయ్యిండ్రి, గుంజుకపోత, అంతే గదా అవ్వా" అన్నాడు. షాఫ్టు ఊడదీస్తేనే లాగనిస్తానని నేను పట్టుబట్టా. మీ నాయిన నవ్వాడు, "మా అవ్వ మిస్త్రీ అయింది" అని. అయినా ఊడదీశాడు. ఊడదీస్తుంటే నట్టు ఒకటి జారి, తారు దాటి గడ్డిలోకి దొర్లింది. నువ్వు పరుగెత్తావు. నీ చెయ్యి గడ్డిలోకి వెళ్లింది.

నేను అరిచింది నా గొంతుతో కాదు బిడ్డా. "ముట్టకు" అన్నది ఆ సాపర్ పిల్లవాడి గొంతే.

నువ్వు భయపడి, అయినా నట్టు తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టావు. ఎండకు కాలుతోంది. దానికి మన మట్టి అంటుకుని ఉంది. మీ నాయిన అడిగేదాకా నేను దాన్ని వదల్లేదు.

ఇవాళ మీ నాయిన దాన్ని బిగించేశాడు. వ్యాను నడుస్తోంది. నాకు మాత్రం కళ్లు మూస్తే కనిపించేది ఇంకోటి. తారు అంచున గొంతుక్కూర్చున్న మనిషి. చాపిన చెయ్యి గాలిలో ఆగి ఉంది. తెల్ల టేపు అవతల ఊగుతోంది. నట్టు ఇవతలే ఉంది, ఎండలో మెరుస్తూ.